రేకు మీద మోనే: ముందు పూత సంగతి అడగండి

సంపాదకులకు,

ఇంటి గోడలకు లోహపు రేకు మీద అచ్చువేసిన చిత్రాలు పెట్టుకోమనే వ్యాసాలు మెరుపు, మన్నిక దగ్గరే ఆగిపోతున్నాయి. ఫొటోలకు ఆ మెరుపు నప్పుతుందేమో గానీ మోనే, పిసారో, సిస్లీ వంటి పందొమ్మిదో శతాబ్దపు ఫ్రాన్సు చిత్రకారుల బొమ్మలకు అదే చేటు.

ఈ పద్ధతిలో చిత్రాన్ని ముందు కాగితం మీద అచ్చువేసి, పూత పూసిన అల్యూమినియం రేకు మీద బోర్లించి, సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో నొక్కుతారు. రంగు ఆవిరై పూతలోకి ఇంకుతుంది. ఈ అచ్చు రంగుల్లో తెలుపు ఉండదు. బొమ్మలో తెలుపు ఉన్నచోటల్లా అడుగు పూతే కనబడాలి. పూత పారదర్శకమైతే అక్కడ వెండిలా లోహం బయటపడుతుంది. మోనే 1868-69లో వేసిన ‘ద మాగ్‌పై’ చూడండి. అంతా మంచు, కర్రల తడిక, గేటు మీద ఒంటరి పిట్ట. మంచు మీద పరుచుకున్న నీలి నీడలే దాని ప్రాణం. పారదర్శక పూత ఉన్న రేకు మీద ఆ మంచు స్టీలు పళ్లెంలా తళతళలాడుతుంది, రెండడుగులు పక్కకు జరిగితే బూడిదరంగుకు తిరుగుతుంది. అందుకే తెల్ల పూత, అదీ మెరుపులేని మ్యాట్‌ది అడగాలి. వార్నిష్ మెరుపే వద్దనుకున్న పిసారోకు మెరిసే రేకు తొడగడం ఏం న్యాయం?

కుంచె ఎత్తుపల్లాలు ఎలాగూ రావు. వాటిని తెప్పిద్దామని ఫైలులో షార్ప్‌నెస్ (అంచుల పదును) పెంచితే ప్రతి గీత చుట్టూ తెల్లంచు కడుతుంది. 60 సెంటీమీటర్ల వెడల్పుకు 4,700 పిక్సెళ్ల ఫైలు ఉంటే చాలు. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తమ దగ్గరున్న ఎన్నో చిత్రాల ఫైళ్లను ఉచితంగానే ఇస్తున్నాయి.

కొలత దగ్గర మోసపోయేవాళ్లే ఎక్కువ. మోనే ‘ఇంప్రెషన్, సన్‌రైజ్’ అసలు కొలత 48×63 సెం.మీ. దాన్ని 40×60 రేకుకు సర్దితే పైనా కిందా కలిపి దాదాపు 6 సెం.మీ. తెగిపోతుంది, ఎడమ మూల సంతకం అంచుకు చేరుతుంది. 60 వెడల్పుకు 45.7 ఎత్తు కోయించుకోవాలి.

1.1 మి.మీ. మందంలో ఆ రేకు బరువు 800 గ్రాములే. తేలికే కదా అని రెండువైపులా అంటుకునే టేపుతో అతికిస్తే, టేపు గట్టిగానే ఉంటుంది, గోడ రంగు పెచ్చులూడి రేకు జారుతుంది. మూల నేలకు తగిలిందంటే వంగుతుంది, తిన్నగా చేయబోతే పూత పగులుతుంది. వెనక దిమ్మె అతికించి, గోడకు రెండు స్క్రూలు బిగించి వేలాడదీయడం మేలు. కింది మూలల్లో రబ్బరు బిళ్లలు పెడితే ఊగదు. నేరుగా ఎండ పడే గోడ వద్దు, రంగు వెలిసిపోతుంది. దీపం పైనుంచి 30 డిగ్రీల వాలులో పడాలి. తుడవడానికి పొడి మైక్రోఫైబర్ గుడ్డ చాలు, గిన్నెలు తోమే పీచు తగలనివ్వకండి.

పెద్దది చేయించేముందు అదే పూత మీద అరచేయంత ముక్క వేయించి, రాత్రి ఆ గది దీపం కింద చూడండి. స్క్రీన్ మీద వెలిగిపోయిన బొమ్మ రేకు మీద నల్లబడితే, ఫైలులో కాంతి పెంచుకోవడానికి అప్పటికింకా వీలుంటుంది.

— ముద్రణ పనిలో ఉన్న పాఠకులు