ఎవరూ నడవని బండ మీద నాచు ఎవరికి అడ్డం?

సంపాదకులు గారికి నమస్కారం.

వానలు పడటం మొదలైతే చాలు, మా కాలనీ పార్కులో ఏటా ఇదే తంతు. బండల మీద, ప్రహరీ గోడ మీద, చెట్ల మొదళ్ల మీద పచ్చగా నాచు (ఇంగ్లీషులో మాస్) పట్టగానే పనివాళ్లు ఇనుప బ్రష్షులతో దిగుతారు. గీకడం అయ్యాక ప్రెషర్ పంపుతో నీళ్లు కొడతారు, బ్లీచింగ్ చల్లుతారు, పైన సున్నం. ఈసారి అలా గీకేసిన గోడ మీద పెద్ద పెద్ద సీతాకోకచిలుకల బొమ్మలు వేసి కింద ‘ప్రకృతిని కాపాడుదాం’ అని కూడా రాయించారు. ఎవరి ఐడియానో గానీ, దండం పెట్టాలి.

నడిచే దారిలో నాచు తీయాల్సిందే. పొద్దున్నే వాకింగ్‌కి వచ్చే పెద్దవాళ్లు జారిపడితే తుంటి విరుగుతుంది, అందులో వాదన లేదు. నా గొడవల్లా ఎవరూ కాలు పెట్టని బండల గురించే.

నాచులోనే కాపురం పెట్టే పెంకుపురుగులు ఉన్నాయని చాలామందికి తెలియదు. ఒకటి రెండు మిల్లీమీటర్లు, గుండ్రంగా నున్నగా, ఆవగింజ కదిలినట్టు ఉంటాయి. యూరప్‌లో మ్నియోఫిలా మస్కోరమ్ అనేది ఇలాంటిదే. మన దేశంలోనూ ఉన్నాయి, నీలగిరుల్లో దొరికిన ఒక జాతికి అక్కడి కోరకుంద అనే చోటు పేరే కలిపి ఇవాలియా కోరకుంద అన్నారు. పైన పెంకు ఉంటుంది కానీ వీటిలో చాలా రకాలకి దాని కింద ఎగరడానికి పనికొచ్చే రెక్కలుండవు. తిండి, తడి, దాక్కునే చోటు అన్నీ అరచేతి వెడల్పు నాచులోనే దొరుకుతుంటే ఎక్కడికని ఎగరాలి? రెక్కలకీ వాటిని ఆడించే కండలకీ పెట్టే బలం గుడ్ల మీద పెట్టుకుంటాయి.

చిక్కంతా ఇక్కడే వస్తుంది. మందు కొట్టినా చెట్లు నరికినా సీతాకోకచిలుక పక్క వీధి పెరట్లోంచి మళ్లీ ఎగిరి వస్తుంది, రెక్కల్లేని పురుగు మాత్రం రోడ్డు దాటి రాలేదు. ఒక పార్కులో ఒకసారి తుడిచిపెట్టుకుపోతే అంతే. నల్లటి ఒంటి మీద ఆరు తెల్ల మచ్చలుండే పెద్ద పెంకుపురుగుని మన వైపు తుప్పల్లో చూసే ఉంటారు, కదిపితే యాసిడ్ చిమ్ముతుంది చూడండి, అది కూడా ఎగరలేదు. అంత పెద్దదానికే నాలుగు లైన్ల రోడ్డు గండమైతే ఆవగింజంతవాటి సంగతి చెప్పేదేముంది.

ఎండాకాలంలో నాచు నల్లగా మాడినట్టు కనిపిస్తుంది కాబట్టి చచ్చిపోయిందనుకుని చెక్కేస్తున్నారు. ఒక మగ్గు నీళ్లు పోసి అక్కడే నిలబడండి, నిమిషాల్లో ముడుచుకున్న ఆకులు విచ్చుకుని పచ్చబడతాయి. దానికి వేళ్లలాంటి వేళ్లు లేవు, నీటిని ఒళ్లంతా పీల్చుకుంటుంది. మైక్రోస్కోపులో తప్ప సరిగా కనపడని టార్డిగ్రేడ్లనే ఎనిమిది కాళ్ల బుల్లి జీవులు కూడా అందులోనే, నాచుతో పాటే ఎండి, నాచుతో పాటే లేస్తాయి.

మన పార్కుల్లో ఏముందో చూడటానికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. ఇటలీ శాస్త్రవేత్త బెర్లీస్ 1905లో చెప్పిన గరాటు పద్ధతి ఇంకా పనిచేస్తుంది. గరాటులో జాలీ పెట్టి, దాని మీద పిడికెడు నాచు వేసి, పైన బల్బు వెలిగిస్తే నాచు ఎండుతున్నకొద్దీ లోపలి పురుగులు తడి వెతుక్కుంటూ కిందికి దిగి సీసాలో పడతాయి. సీసాలో ఆల్కహాల్ బదులు తడి కాగితం పెడితే చూసి మళ్లీ అక్కడే వదిలేయొచ్చు. డిగ్రీ జువాలజీ పిల్లలతో రికార్డు పుస్తకంలో బొద్దింక బొమ్మలు వేయించే బదులు ఒక్క వానాకాలం ఈ పని చేయించండి సార్.

మున్సిపల్ అధికారులను కోరేది ఇంతే. పార్కుల నిర్వహణ కాంట్రాక్టులో నాచు తొలగింపు నడకదారికీ మెట్లకీ పరిమితం అని ఒక్క లైను రాయండి, రాలిన ఆకులు తగలబెట్టకుండా ఒక మూల వదిలేయమనండి. మా పార్కులో నీళ్ల ట్యాంకు వెనక గోడ ఇంకా గీకలేదు. వచ్చే వారం అక్కడా రంగులు వేస్తారట, ఆ ఒక్కటైనా ఆపించగలరా?

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాద్