కంప్యూటర్‌ను షట్‌డౌన్ కానివ్వని మీ యాంటీవైరస్ మీద ఫిర్యాదు

కస్టమర్ సపోర్ట్ విభాగం అధిపతి గారికి,

విషయం: మీ కొత్త వెర్షన్ వచ్చాక కంప్యూటర్లు షట్‌డౌన్ కాకపోవడం, సమస్య తీరకుండానే ఫిర్యాదు టికెట్ మూసేయడం గురించి.

అయ్యా,

నేను తెనాలిలో చిన్న వ్యాపారుల లెక్కలు రాసి, జీఎస్‌టీ రిటర్నులు వేస్తూ బతుకుతున్నాను. ఆఫీసులో ఉన్న విండోస్ 11 కంప్యూటర్లన్నిటికీ డబ్బు కట్టి మీ యాంటీవైరస్ ఏడాది లైసెన్సు తీసుకున్నాను. గత నెలలో మీ ప్రోగ్రామ్ తనంతట తానే కొత్త వెర్షన్‌కు మారింది. ఆ సాయంత్రం నుంచి షట్‌డౌన్ నొక్కితే తెర మీద చుక్కల చక్రం తిరుగుతూనే ఉంటుంది, మెషీన్ మాత్రం ఆగదు. ఒక్కోసారి చాలాసేపటికి ‘డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్’ అని క్రాష్ తెర వచ్చి, ఆపమన్న కంప్యూటర్ మళ్లీ ఆన్ అవుతోంది. మిగతా సార్లు పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపడం తప్ప దారి లేదు.

ఇది విండోస్ సమస్య అని మీ సపోర్ట్ వాళ్లు తేల్చేశారు. కాదని నేను ఎందుకంటున్నానో రాస్తున్నాను. దయచేసి ఈ భాగాన్ని మీ ఇంజినీర్లకు చూపించండి.

విండోస్ కనీస భాగాలతోనే నడిచే సేఫ్ మోడ్‌లో మెషీన్ వెంటనే ఆగుతోంది. మెషీన్ త్వరగా ఆన్ అయ్యేలా చేసే ఫాస్ట్ స్టార్టప్ తీసేసి చూశాను, తేడా లేదు. విండోస్‌లోని ఎంఎస్‌కాన్ఫిగ్ అనే సెట్టింగుల తెరలో, మైక్రోసాఫ్ట్‌వి కాకుండా వెనకాల నడిచే సర్వీసులన్నీ ఆపేసి క్లీన్ బూట్ చేశాను. మీ సర్వీసు మాత్రం, తనను ఎవరూ ఆపకుండా కాచుకునే సెల్ఫ్ ప్రొటెక్షన్ వల్ల ఆగలేదు, సమస్యా పోలేదు. చివరికి మీ ప్రోగ్రామ్‌ను పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేశాక షట్‌డౌన్ సరిగ్గా అయింది. అప్పుడు విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ దానంతట అదే పనిలోకి వచ్చింది, దానితో ఏ ఇబ్బందీ లేదు. మీ పాత ఇన్‌స్టాలర్ వేస్తే బాగానే ఉంది, అది కొత్త వెర్షన్‌కు మారగానే మళ్లీ మొదలైంది. క్రాష్ అయినప్పుడు విండోస్ దాచే మినీడంప్ ఫైలును, క్రాష్ కారణం వెతికే మైక్రోసాఫ్ట్ వారి విన్‌డీబీజీలో తెరిస్తే, పవర్ ఆదేశాన్ని ముందుకు పోనివ్వకుండా పట్టుకున్నది విండోస్ లోపల నడిచే మీ ప్రోగ్రామ్ భాగం, అంటే మీ డ్రైవరేనని పేరుతో సహా చూపిస్తోంది. మామూలు సర్వీసు మొండికేస్తే విండోస్ 5 సెకన్లు చూసి దాన్ని మూసేస్తుంది. విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లో కూర్చున్న డ్రైవర్‌ను అలా మూసేయలేదు. అంత లోపలికి మిమ్మల్ని రానిచ్చింది మీ మీద నమ్మకంతోనే కదా!

దీని వల్ల మాకు జరిగే నష్టం మీకు తెలియాలి. మా దగ్గర కరెంటు పోతే చిన్న యూపీఎస్ మీద కాసేపే నడుస్తుంది. ఆ లోపే లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్ మూసి మెషీన్ ఆపేయాలి. మీ డ్రైవర్ అడ్డం పడితే బ్యాటరీ అయిపోయి, డిస్కు మీద రాత మధ్యలోనే తెగిపోతుంది. విండోస్ తన తప్పులు రాసుకునే ఈవెంట్ వ్యూయర్ నిండా, మెషీన్ సరిగ్గా ఆగలేదని చెప్పే 41, 6008 నంబర్ల ఎర్ర గుర్తులే. ఒక కిరాణా హోల్‌సేల్ వ్యాపారి టాలీ డేటా అలాగే పాడై అసలు తెరుచుకోలేదు. బ్యాకప్ వేసుకుని, ఆ రోజు ఎంట్రీలన్నీ మళ్లీ మొదటి నుంచి కొట్టాం. అది జీఎస్‌టీ నెలవారీ 3బీ రిటర్ను గడువైన 20వ తేదీకి ముందు రోజు. గడువు దాటితే రోజుకు 50 రూపాయల లేటు ఫీజు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ ఆ వ్యాపారి మీద పడేవి. మాట పోయేది నాది.

ఇన్ని వివరాలు పంపితే మీ వాళ్లు ముందు రీఇన్‌స్టాల్ చేయమన్నారు, తర్వాత ఫార్మాట్ కొట్టమన్నారు. రిమోట్‌లో చూసినతను లాగ్ ఫైలు తెరవనే లేదు. వేరే డబ్బు కట్టి ట్యూనప్ ప్యాకేజీ తీసుకుంటే సరిపోతుందన్నాడు. మర్నాటికి టికెట్ ‘పరిష్కారమైంది’ అని మూసేశారు. అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది ఇదే.

అప్‌డేట్‌లో తప్పు ఎవరికైనా జరగొచ్చు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ అప్‌డేట్ ఒకటి దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను కూల్చేసింది. శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ కంపెనీ లోపం తమదేనని అదే రోజు ఒప్పుకుంది, ఏ ఫైలు తీసేస్తే మెషీన్ లేస్తుందో చెప్పింది, ఆగస్టులో మూల కారణాల నివేదిక బయటపెట్టింది. మీ నుంచి కూడా ఆ పద్ధతే కోరుతున్నాను.

నా టికెట్ తిరిగి తెరిచి, డ్రైవర్‌ను సరిచేసిన వెర్షన్ ఇవ్వండి. అప్పటివరకు పాత వెర్షన్ మీదే ఉండేలా, దానంతట అది మారకుండా ఏర్పాటు చేయండి. ఈ లోపం గురించి మిగతా కస్టమర్లకూ చెప్పండి, ఫార్మాట్ కొట్టుకుని డేటా పోగొట్టుకునేవాళ్లు ఉంటారు. ఇది కుదరకపోతే మిగిలిన నెలల లైసెన్సు డబ్బు వెనక్కి ఇవ్వండి.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. స్వయం ఉపాధితో బతికేవాడిని కాబట్టి 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనూ వినియోగదారుణ్నే, కేసు నా జిల్లాలోనే వేసుకోవచ్చు.

మినీడంప్ ఫైళ్లు, ఈవెంట్ లాగ్, మీ వాళ్లతో జరిగిన చాట్ కాపీ జతచేశాను. మీ ఇంజినీరు నేరుగా మాట్లాడతానంటే 20వ తేదీ తప్ప ఏ రోజైనా సరే, మెషీన్ ముందు కూర్చుని ఏది చూపించమంటే అది చూపిస్తాను.

ఇట్లు,
మీ లైసెన్సుదారుడు,
తెనాలి