మా బెల్లం దవడ కింది గడ్డ మానిపోయింది: చెయ్యి వేసిన అందరికీ కృతజ్ఞతలు

మా గినీ పిగ్ బెల్లం ఇప్పుడు బాగుంది. దవడ కింద లేచిన చీముగడ్డ పూర్తిగా మానింది. కోసిన చోట చర్మం కలిసిపోయి మళ్ళీ బొచ్చు వస్తోంది. ఫ్రిజ్ తలుపు చప్పుడైతే చాలు, క్యాప్సికం వస్తుందని కీచుకీచుమని అరుస్తోంది. ఆ అరుపు కోసం ఇంటిల్లిపాదీ ఎంత ఎదురుచూశామో చెప్పలేను.

ఎలా ఉందని చాలామంది అడుగుతున్నారు. ఫోన్లో ఒక్కొక్కరికి చెప్పాను కానీ, ఎవరు ఏం చేశారో ఒకచోట రాస్తేనే నాకు తృప్తి. పేర్లు రాయొద్దని కొందరు అడిగారు, అందుకే రాయడం లేదు. ఎవరి గురించి చెబుతున్నానో వాళ్ళకు తెలుస్తుంది.

మొట్టమొదట మా అపార్ట్‌మెంట్ పై ఫ్లోర్‌లో ఉండే వెటర్నరీ స్టూడెంట్ అమ్మాయికి. గడ్డ సంగతి ముందు మా పాప చేతికి తెలిసింది. బెల్లాన్ని దువ్వుతుంటే దవడ కింద ఒక పక్క రేగుపండంత గట్టిగా తగిలిందట. వెంటనే దగ్గర్లోని క్లినిక్‌కి తీసుకెళ్ళాం. అక్కడ చూసి అమోక్సిసిలిన్ సిరప్ రాశారు. సిరప్ కొనుక్కుని ఇంటికి వస్తుంటే లిఫ్ట్ దగ్గర ఈ అమ్మాయి కనిపించింది. బుట్టలో బెల్లాన్ని చూసి పలకరించి, చీటీ అడిగి తీసుకుని చదివింది. "ఆంటీ, ఇది ఒక్క చుక్క కూడా పట్టకండి" అంది. అప్పుడే తన పుస్తకం తెచ్చి మాకు చూపించింది.

ఆ అమ్మాయి చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తాను. గినీ పిగ్ తిన్న గడ్డి అరిగేది దాని పేగుల్లో ఉండే మేలు చేసే బాక్టీరియా వల్ల. పెన్సిలిన్, ఆంపిసిలిన్, అమోక్సిసిలిన్ లాంటివి నోటి ద్వారా ఇస్తే ఆ బాక్టీరియా చచ్చిపోతుంది. ఖాళీ అయిన చోట క్లాస్ట్రీడియం జాతి క్రిములు పెరిగి విషం వదులుతాయి. విరేచనాలు పట్టుకుని కొద్ది రోజుల్లోనే ప్రాణం పోతుంది. క్లిండామైసిన్, లింకోమైసిన్, ఎరిత్రోమైసిన్ కూడా అంతే ప్రమాదం. అదే అమోక్సిసిలిన్ కుక్కలకు, పిల్లులకు, మనకు చీముగడ్డలకి మామూలుగా వాడే మందు. గినీ పిగ్‌లు అరుదుగా వచ్చే చోట అలా రాయడం జరుగుతుంది, వాళ్ళ మీద నాకు కోపం లేదు. కానీ ఆ సాయంత్రం ఈ అమ్మాయి కాలేజీ నుంచి పది నిమిషాలు ఆలస్యంగా వచ్చి ఉంటే మేం మొదటి డోసు పట్టేసేవాళ్ళం. నాన్నా, పరీక్షల ముందు నీ చదువు పక్కన పెట్టి మా కోసం నాలుగు చోట్లకి ఫోన్లు చేసి, చిన్న జంతువుల్ని చూసే డాక్టర్‌ని వెతికి పెట్టావు. నువ్వు చాలా మంచి డాక్టర్‌వి అవుతావు.

తను చెప్పిన డాక్టర్ మేడమ్ గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదువుకున్నారు. బెల్లాన్ని చేతిలోకి తీసుకోకముందే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "తింటోందా? పెంటికలు వేస్తోందా?" గడ్డ కంటే ముందు అది ఎందుకు అడిగారో తర్వాత తెలిసింది. గినీ పిగ్ పగలూ రాత్రీ కొంచెం కొంచెంగా తింటూనే ఉండాలి. ఒక పూట పూర్తిగా మానేసిందంటే పేగుల కదలిక మందగిస్తుంది, గ్యాస్ పడుతుంది, ఇక గడ్డ కన్నా అదే పెద్ద ముప్పు అవుతుంది.

ఆవిడ దగ్గర నాకు బాగా నచ్చింది, తొందరపడి తేల్చకపోవడం. గినీ పిగ్‌కి వచ్చే ప్రతి గడ్డా చీముగడ్డ కాదట. ఉత్త కొవ్వు గడ్డ కావచ్చు. వీపు వెనక భాగంలో అయితే వెంట్రుకల కుదుళ్ళ దగ్గర పుట్టే ట్రైకోఫోలిక్యులోమా అనే హానిలేని కణితి కావచ్చు. లింఫ్ గ్రంథుల క్యాన్సర్ కూడా కావచ్చు. చేత్తో తడిమి చూసి చెప్పలేం అని, సన్నని సూదితో కొంచెం లాగి చూశారు. చీమే వచ్చింది. మెడ, దవడ కింద ఉన్న గ్రంథుల్లో ఇలా చీము పట్టడం వీటిలో మామూలేనట. ఎక్కువగా స్ట్రెప్టోకోకస్ జూఎపిడెమికస్ అనే క్రిమి వల్ల వస్తుందని, గట్టి గడ్డిపోచ నోట్లో గుచ్చుకుంటే ఆ చిన్న గాయం గుండా లోపలికి పోతుందని చెప్పారు. పంటి వేరు దగ్గర చీము పట్టినా దవడ ఇలాగే వాస్తుంది కాబట్టి ఎక్స్‌రే తీయించారు. వీటి పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. వంకరగా పెరిగితే నోరంతా గీరుకుపోతుంది. అదృష్టం బాగుండి బెల్లం పళ్ళు, వేళ్ళు బాగానే ఉన్నాయి.

పక్కింటివాళ్ళు, చుట్టాలు "పసుపు పట్టు వేసి నొక్కితే పోతుంది" అన్నారు. ప్రేమతోనే అన్నారు. కానీ డాక్టర్ మేడమ్ గట్టిగా వద్దన్నారు. గినీ పిగ్ చీము నీళ్ళలా కారదు. చిక్కగా, ముద్దలా ఉంటుంది, చుట్టూ సంచి లాంటి పొర కడుతుంది. బయటి నుంచి నొక్కితే ఆ పొర లోపలికి పగిలి ఇన్‌ఫెక్షన్ పాకిపోతుంది. ఉట్టి మందులతో కూడా సాధారణంగా కరగదు, ఎందుకంటే ఆ పొరలోంచి మందు లోపలికి సరిగా వెళ్ళదు. కోసి శుభ్రం చేయాల్సిందే అన్నారు.

మత్తు అనగానే నాకు కాళ్ళు వణికాయి. కిలో బరువు కూడా లేని ప్రాణం. ముందు రోజు సాయంత్రం ఆవిడే ఫోన్ చేసి, "కుక్కలకి చెప్పినట్టు రాత్రి నుంచి పస్తు పెట్టకండి. గడ్డి ముందు పెట్టే ఉంచండి" అని గుర్తు చేశారు. గినీ పిగ్‌కి వాంతి చేసుకోవడం చేతకాదు, పైగా కడుపు ఖాళీగా ఉంటేనే దానికి కష్టం. మత్తు ఇచ్చే ముందు నోట్లో మిగిలిన గడ్డి మాత్రం శుభ్రం చేశారట. ఆపరేషన్ టేబుల్ మీద ఒళ్ళు చల్లబడకుండా గోరువెచ్చని నీళ్ళ సీసాలు పక్కన పెట్టారు. అయ్యాక ఆవిడే బయటికి వచ్చి, నేను అడగకముందే "కళ్ళు తెరిచింది" అన్నారు. మేడమ్, ఆ మాటకి మీకు ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే. ఖర్చు ఎంతవుతుందో ముందే కూర్చోబెట్టి చెప్పారు. ఇంత చిన్న జంతువుకి ఇదంతా ఎందుకు అన్న మాట మీ నోట ఒక్కసారి కూడా రాలేదు. మా పాప అడిగిన ప్రతి ప్రశ్నకీ పెద్దవాళ్ళకి చెప్పినట్టే జవాబు చెప్పారు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. గాయానికి పూర్తిగా కుట్లు వేయలేదు. పైన చర్మం ముందే మూసుకుపోతే లోపల మళ్ళీ చీము చేరుతుంది, లోపలి నుంచి బయటికి మానాలి. అందుకని పొద్దున, సాయంత్రం సిరంజితో సెలైన్ పట్టి లోపలంతా కడగాలి. నాకు ఆ తెరిచిన గాయం చూస్తేనే కళ్ళు తిరిగాయి.

ఎదురు ఫ్లాట్‌లో ఉండే స్టాఫ్ నర్స్ అక్కకి ఇక్కడ చెప్పాలి. అక్కా, నైట్ డ్యూటీ చేసి వచ్చి, నిద్ర లేని కళ్ళతో మా ఇంటి బెల్ కొట్టేదానివి. "నువ్వు పట్టుకో, నేను కడుగుతాను" అనేదానివి. సెలైన్ గోరువెచ్చగా ఉండాలని, పిచికారీ గట్టిగా కొట్టకూడదని, బయటికి వచ్చే నీళ్ళు తేటపడేదాకా ఓపిగ్గా చెయ్యాలని నీ దగ్గరే నేర్చుకున్నాను. నాలుగో వంతు ధైర్యం కూడా లేని నా చేత చివరికి ఆ పని చేయించావు. కాఫీ తాగి వెళ్ళమంటే కూడా "ముందు దానికి తిండి పట్టు" అని వెళ్ళిపోయేదానివి.

తిండి పట్టడం నేర్పింది బర్మింగ్‌హామ్‌లో ఉండే మా పెద్దమ్మ కూతురు. ఇంగ్లండ్‌లో ఇళ్ళలో గినీ పిగ్‌లు బాగా పెంచుతారు, తన దగ్గరా ఉన్నాయి. వీడియో కాల్‌లో తన గినీ పిగ్‌ని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని చేసి చూపించింది. పెల్లెట్లు, అంటే గినీ పిగ్‌ల గుళికల దాణా, మిక్సీలో పొడి చేసి గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టాలి. చిన్న సిరంజిని ముందు పళ్ళ వెనక ఉండే ఖాళీలోకి పక్క నుంచి పెట్టాలి. కొంచెం పట్టి, అది నమిలి మింగేదాకా ఆగాలి. నేరుగా గొంతులోకి తోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రాత్రిళ్ళు కూడా కొన్ని గంటలకోసారి పట్టాలి. మాకు అర్ధరాత్రి అయినప్పుడు అక్కడ ఇంకా సాయంత్రమే కాబట్టి, నేను ఒంటరిగా కూర్చుని పడుతుంటే తను అటు వంట చేసుకుంటూ ఫోన్లో తోడుండేది. చెల్లీ, ఆ రాత్రులు నువ్వు లేకపోతే నేను ఏడుస్తూ కూర్చునేదాన్ని.

రోజూ ఒకే టైమ్‌లో వంటింటి త్రాసు మీద బరువు చూడమని చెప్పింది కూడా తనే. బొచ్చు వల్ల పైకి బొద్దుగానే కనిపిస్తుంది, చిక్కిపోవడం కంటికి తెలియదు. తొమ్మిది వందల గ్రాములు దాటి ఉండే బెల్లం ఎనిమిది వందల దగ్గరికి పడిపోయింది. ఆ అంకె చూసే డాక్టర్ మేడమ్ నొప్పి మందు, తిండి కొలత మార్చారు. మేం మాత్రం చేసింది, రోజూ ఆ అంకెను ఆవిడకి మెసేజ్ పెట్టడమే. ఏ రోజూ జవాబు రాకుండా లేదు.

యాంటీబయాటిక్ కింద ఎన్రోఫ్లాక్సాసిన్ నోటి ద్వారా ఇమ్మన్నారు, డోసు బరువును బట్టి ఆవిడే లెక్కకట్టారు. చీము శాంపిల్ ల్యాబ్‌కి పంపి ఆ మందు పనిచేస్తుందని రిపోర్ట్ వచ్చాకే నిమ్మళించారు. గాయం పైకి మానినట్టు కనిపించినా ఆవిడ ఆపమనేదాకా మందు ఆపలేదు. మనలాగే గినీ పిగ్‌లు కూడా విటమిన్ సి ఒంట్లో తయారు చేసుకోలేవు. గాయం మానాలంటే అది మామూలు కంటే ఎక్కువ కావాలి. నీళ్ళలో కలిపితే త్వరగా పాడైపోతుందని, డ్రాప్స్ నేరుగా నోట్లోనే వేయమన్నారు. దాంతోపాటు క్యాప్సికం, కొత్తిమీర, చిన్న జామ ముక్క. రైతుబజార్లో ఆకుకూరలు అమ్మే మామ్మ సంగతి విని రోజూ లేత కొత్తిమీర కట్ట విడిగా తీసి ఉంచేది. డబ్బులిస్తే "నోరులేనిదానికి పెట్టేదానికి లెక్కలేంటమ్మా" అని సగమే తీసుకునేది. మా అమ్మ గరిక ఏరి, కడిగి, మెత్తని పోచలే పెట్టేది. గాయం మీద ఈగ వాలితే పురుగు పడుతుందని పంజరం చుట్టూ పాత దోమతెర కుట్టి కట్టింది కూడా అమ్మే.

ఆటో బాబాయ్‌ని మర్చిపోతే పాపం తగులుతుంది. బెజవాడ ఎండ సంగతి చెప్పక్కర్లేదు. ముప్పై డిగ్రీలు దాటితే చాలు, గినీ పిగ్‌లకి వడదెబ్బ తగలొచ్చు. చెకప్‌లకి పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడే వచ్చి తీసుకెళ్ళేవాడు, స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఆటో ఆపినంత పని చేసేవాడు. లోపల ఆలస్యమైతే చెట్టు నీడలో ఆగి ఉండేవాడు, వెయిటింగ్ డబ్బులు ఎప్పుడూ అడగలేదు.

ఇక మా పాప. వాళ్ళ స్నేహితులు సెలవుల్లో ఊళ్ళు తిరుగుతుంటే తను బెల్లం పక్కనే కూర్చుంది. మందు టైమ్, తిన్న కొలత, బరువు, పెంటికలు ఎలా ఉన్నాయో అన్నీ నోట్‌బుక్‌లో రాసింది. ఈ ఇన్‌ఫెక్షన్ ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకుంటుంది కాబట్టి బెల్లానికి జతగా ఉండే మా రెండో గినీ పిగ్ మిరియాన్ని వేరు చేయమన్నారు. ఒంటరిగా ఉంటే రెండూ బెంగపెట్టుకుంటాయని, ఒకదాని గొంతు ఒకదానికి వినపడేంత దూరంలో పంజరాలు సర్దింది. రోజూ మిరియం దవడ కింద కూడా తడిమి చూసింది, ఏమీ లేదు. డాక్టర్ మేడమ్ సరేనన్నాక ఇప్పుడు రెండూ మళ్ళీ ఒక్క చోటే ఉన్నాయి. చిన్నా, నిన్ను చూసి మేం చాలా గర్వపడుతున్నాం.

మా దగ్గర వాడని సిరంజిలు, సెలైన్ సీసాలు, సగం ప్యాకెట్ పెల్లెట్లు మిగిలాయి. విజయవాడలో ఎవరి గినీ పిగ్‌కైనా ఇలాంటి అవసరం వస్తే మెసేజ్ పెట్టండి, వచ్చి తీసుకెళ్ళండి. తువ్వాలులో చుట్టి తిండి పట్టడం, గాయం కడగడం భయంగా ఉంటే మీ ఇంటికి వచ్చి చేసి చూపిస్తాను. డాక్టర్ మేడమ్ నంబరు ఆవిడని అడిగే ఉంచాను, కావాల్సినవాళ్ళకి విడిగా పంపుతాను.