ఆ ఒక్క మార్కు సంగతి

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. క్విజ్‌లో ఒక్క మార్కు పోయినందుకు అంత దిగులా! నీలం, పసుపు, ఎరుపు నిలువు చారల జెండా చూపించి ఏ దేశానిదని అడిగితే నువ్వు చాద్ అన్నావు, వాళ్లు రొమేనియా అన్నారు. "రెండూ ఒకటే కదా నాన్నా" అని రాశావు. నిజమే. చాద్ నీలం కాస్త ముదురు, అదీ పక్కపక్కన పెట్టి చూస్తేనే. ఆ మార్కు నీదేనని నా తీర్పు. నిన్ను వెనకేసుకొస్తున్నానని మీ అమ్మ తీర్పు.

1959లో చాద్ ఈ రంగులు ఎంచుకున్నప్పుడు పేచీ ఏమీ లేదు. అప్పట్లో రొమేనియా జెండా నడుమ కమ్యూనిస్టు ప్రభుత్వ చిహ్నం ఉండేది. 1989 డిసెంబరులో అక్కడి జనం ఆ ప్రభుత్వం మీద తిరగబడ్డారు. అంత గందరగోళంలో కొత్త జెండా కుట్టించే తీరిక ఎవరికుంటుంది? ఉన్న జెండాలోంచే ఆ చిహ్నాన్ని కత్తిరించి పారేసి, నడుమ పెద్ద కంతతోనే వీధుల్లోకి వచ్చారు. ఆనాటి ఫొటోలు దొరికితే చూడు. అక్కడ ఏ కొత్త బొమ్మ పెట్టినా ఆ కంత చెప్పినంత సూటిగా చెప్పలేదనిపిస్తుంది నాకు. ఆ నెలలోనే చిహ్నాన్ని అధికారికంగానూ తీసేశారు. అలా కంత పూడింది, చాద్‌కు కవల పుట్టింది! 2004లో చాద్ ఈ సంగతిని ఐక్యరాజ్యసమితి దాకా తీసుకెళ్లింది. ఆ మూడు రంగులూ మావే, వదులుకునేది లేదన్నాడు అప్పటి రొమేనియా అధ్యక్షుడు ఇలియెస్కు. ఆయన వాదనా తీసిపారేసేది కాదు, 19వ శతాబ్దం నుంచీ అవి వాళ్ల రంగులే మరి.

కంత పెట్టడంలో రొమేనియన్లు మొదటివాళ్లు కారు. 1956లో హంగరీ జనం తమ జెండాకు ఇదే పని చేశారు.

కత్తెర కూడా దొరకనివాళ్లు చేత్తోనే చింపారు. 1945 సెప్టెంబరు 19న ఇండోనేషియాలోని సురబయలో ఒక హోటల్ మీద, ఆ దేశాన్ని ఏలిన డచ్చివాళ్లు తమ ఎరుపు, తెలుపు, నీలం జెండా ఎగరేశారు. ఇండోనేషియా స్వాతంత్ర్యం ప్రకటించుకుని అప్పటికి నెల దాటింది. కొందరు కుర్రాళ్లు పైకెక్కి, అడుగునున్న నీలం పట్టీని చించేసి, మిగిలిన గుడ్డను మళ్లీ ఎగరేశారు. ఎరుపు, తెలుపు... అదే ఇండోనేషియా జెండా! అయితే 1881 నుంచీ మొనాకోదీ అచ్చం అదే. కొలతల్లోనే తేడా: ఇండోనేషియాది 2:3, మొనాకోది 4:5.

హైతీ కథ ఇంకా పాతది. 1803లో ఫ్రెంచివాళ్లతో పోరాడుతున్న హైతీ నాయకుడు దెస్సలీన్ వాళ్ల జెండాలోంచి తెల్ల పట్టీని లాగేశాడట. మిగిలిన నీలం, ఎరుపు ముక్కలను కాత్రిన్ ఫ్లోన్ అనే ఆవిడ కలిపి కుట్టిందని అక్కడ చెప్పుకుంటారు. తెల్లదొరలు పోవాలన్నమాట. నీలం, ఎరుపు అడ్డపట్టీలతో ఆ రంగుల జెండానే హైతీవాళ్లు 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌కు తెస్తే, యూరప్ కొండల్లోని బుల్లి దేశం లీక్టెన్‌స్టైన్ కూడా సరిగ్గా అలాంటిదే పట్టుకొచ్చింది. అప్పటిదాకా ఒకరి సంగతి ఒకరికి తెలియదు! మరుసటి ఏడే లీక్టెన్‌స్టైన్ తన జెండా మీద బంగారు కిరీటం పెట్టుకుంది.

చూశావా, చింపిన జెండాలకే కవలలు! హంగరీ ఒక్కటే ఎలాగో తప్పించుకుంది.

ఈసారి క్విజ్‌లో పరాగ్వే జెండా అడిగితే వెంటనే జవాబు చెప్పకు. "ఏ వైపు?" అని ఎదురడుగు. దానికి ఒక వైపు నక్షత్రం, రెండో వైపు సింహం ఉంటాయి.

మీ నాన్న