కోస్టర్ చైన్‌ను కొలిచిన తర్వాతే అనుమతి ఇవ్వండి

ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పంచదార ఫ్యాక్టరీలో చెరకు క్యారియర్ చైన్ల మెయింటెనెన్స్ చూసి రిటైరైన మెకానికల్ ఇంజినీరును. పార్కుల్లో, ఎగ్జిబిషన్లలో నడిచే రోలర్ కోస్టర్ల గురించి రాస్తున్నాను.

చాలా కోస్టర్ బండ్లకు ఇంజిన్ ఉండదు. మొదటి ఎత్తు మీదికి వాటిని చైనే లాగుతుంది. చైన్ సాధారణంగా ఉన్నట్టుండి తెగదు. లింకులను కలిపే పిన్నులు, వాటి చుట్టూ ఉండే గొట్టాల్లాంటి బుష్‌లు రోజూ కొంచెం కొంచెం అరిగి దాని పొడవు పెరుగుతుంది. మేం దాన్ని ‘చైన్ సాగింది’ అంటాం. సాగిన చైన్ దాన్ని తిప్పే పళ్ల చక్రం (స్ప్రాకెట్) పళ్ల మీద కుదురుగా కూర్చోక ఎగిరిపడుతుంది. ఆయిల్ అందకపోయినా, దుమ్ము చేరినా అరుగుదల ఇంకా ఎక్కువ. ఇదంతా పైకి చూస్తే తెలియదు, కొలవాలి. మామూలు డ్రైవ్ చైన్‌నే 3 శాతం సాగేసరికి మార్చేస్తారు. మనుషుల్ని మోసే చైన్‌కు తయారీదారు పెట్టిన హద్దు దాటితే ఒక్క రోజు కూడా నడపకూడదు.

చైన్ తెగినా బండి వెనక్కి జారకుండా పట్టుకునే కొక్కేలు 1910 ప్రాంతం నుంచే ఉన్నాయి. పైకెక్కేటప్పుడు టకటకమని వినిపించేది వాటి చప్పుడే. అవి బాగుంటే చైన్ తెగినా బండి ఉన్నచోటే ఆగుతుంది. 1972 మే 30న లండన్ బాటర్సీ పార్కులో లాగే తాడు నుంచి బండి విడిపోయినప్పుడు ఆ ఏర్పాటు పనిచేయలేదు. బ్రేకూ ఆపలేకపోయింది. ఐదుగురు పిల్లలు చనిపోయారు. అందుకే చైన్ కంటే ముందు ఆ కొక్కేలనే పరీక్షించమంటాను.

నాకు ఎక్కువ భయం ఊరూరా తిరిగే ఎగ్జిబిషన్ల గురించే. విప్పి, లారీకెక్కించి, మళ్లీ బిగిస్తారు. చైన్‌ను విప్పి కలిపిన ప్రతిసారీ రెండు కొసలను కలిపే జాయింట్ లింక్‌కు కొత్త స్ప్లిట్ పిన్ (ఊడిరాకుండా కాళ్లు వంచి పెట్టే చిన్న పిన్ను) వేయాలి. పాతదాన్నే వంచి దూర్చేస్తే ఎవరు చూస్తారు? 2018 మేలో అనంతపురంలో జెయింట్ వీల్ ట్రాలీ ఊడిపడి పదేళ్ల పాప చనిపోయింది. అది కోస్టర్ కాదు, కానీ బిగింపులు చూడాల్సిన బాధ్యత అక్కడా ఇదే.

కాబట్టి యజమానితో సంబంధం లేని ఇంజినీరు చైన్ పొడవు కొలిచి, కొక్కేలు పరీక్షించి, సంతకం పెట్టిన రిజిస్టర్ లేకుండా అనుమతి ఇవ్వొద్దని ఉత్తర్వు ఇవ్వండి. ఊరు మారిన ప్రతిసారీ ఈ తనిఖీ మళ్లీ జరగాలి. రోజూ జనాన్ని ఎక్కించే ముందు ఖాళీ బండి తిప్పాలి. చివరి తనిఖీ తేదీ టికెట్ కౌంటర్ దగ్గర తెలుగులో రాసి పెట్టాలి.

చైన్ ఎలా కొలవాలో మీ సిబ్బందికి నేర్పమంటే ఏ జిల్లాకైనా సొంత ఖర్చుతో వస్తాను.

భవదీయుడు,
ఒక రిటైర్డ్ ఇంజినీరు