రెండు మీటలతో నడిపిన విమానం

సంపాదకులకు,

జులై 19 వస్తే కెప్టెన్ అల్ హేన్స్ గుర్తొస్తారు. అమెరికా మెరైన్ దళంలో పైలట్‌గా చేసి, 1956లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌లో చేరారు. 1989లో ఆ రోజు ఆయన నడుపుతున్న డీసీ-10 విమానం తోక ఇంజిన్ బద్దలై హైడ్రాలిక్స్ (విమానాన్ని తిప్పే భాగాలను ద్రవ ఒత్తిడితో కదిపే వ్యవస్థలు) మొత్తం పోయాయి. ఇక చుక్కాని లేని పడవే! మిగిలిన రెండు ఇంజిన్ల వేగం పెంచుతూ తగ్గిస్తూ అయోవా రాష్ట్రంలోని సూ సిటీ దాకా తెచ్చారు. ప్రయాణికుడిగా ఎక్కిన పైలట్ల శిక్షకుడు డెన్నీ ఫిచ్ కాక్‌పిట్‌లో మోకాళ్లూని ఆ ఇంజిన్ల వేగం మార్చే రెండు మీటలు పట్టుకున్నారు. 'ఏ రన్‌వే మీదైనా దిగండి' అని కంట్రోలర్ అంటే, రన్‌వేనే కావాలా అని హేన్స్ నవ్వారు. ఆ స్థితిలో నవ్వడం!

దిగేటప్పుడు విమానం కూలిపోయినా, 296 మందిలో 184 మంది బతికారు. హీరో అంటే ఆయన ఒప్పుకునేవారు కాదు. పిల్లల బేస్‌బాల్‌కు అంపైరింగ్ కూడా చేసేవారు. 2019 ఆగస్టులో, 87 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

— ఒక పాఠకుడు