ముందు ఎల్‌ఎస్, ఆ తర్వాతే ఆర్‌ఎం

కూకట్‌పల్లి,
హైదరాబాద్

ప్రియమైన శ్రీనివాస్,

పాత ప్రతులు తీసేయబోయి చెల్లాయి తన పరిశోధన గ్రంథంలోని రెండు అధ్యాయాలు పోగొట్టుకుందని నిన్న నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. పోయినేడాది నాకూ ఇదే జరిగింది. లాగ్ ఫైళ్లు మాత్రమే తీసేద్దామని టెర్మినల్‌లో ఆర్‌ఎం (rm, ఫైళ్లు తీసేసే కమాండ్) కొట్టి, ‘ఏ పేరైనా సరే’ అని అర్థమిచ్చే స్టార్ గుర్తుకూ డాట్ లాగ్‌కూ మధ్య పొరపాటున ఒక ఖాళీ వదిలాను. ఎంటర్ నొక్కగానే ‘డాట్ లాగ్’ అనే ఫైలు లేదంటూ ఒకే ఒక్క వరుస తెర మీదికి వచ్చింది; అది చదివేలోపే ఆ ఫోల్డర్‌లో కనిపించే ఫైళ్లన్నీ పోయాయి.

స్టార్ గుర్తును విప్పేది ఆర్‌ఎం కాదు, షెల్, అంటే మనం కొట్టిన కమాండ్లను చదివి నడిపించే ప్రోగ్రామ్. అది ఆ గుర్తుకు సరిపోయే పేర్లన్నీ పోగుచేసి ఆర్‌ఎం చేతికిస్తుంది, ఆర్‌ఎం వాటిని మారుమాట లేకుండా తీసేస్తుంది. అందుకే చెల్లాయిని ముందు అదే గుర్తును ఎల్‌ఎస్‌కు (ls, ఫైళ్ల పేర్లు చూపించే కమాండ్) ఇచ్చి, ఏయే పేర్లు వస్తున్నాయో కళ్లారా చూసుకోమను. చూశాక మళ్లీ మొదటి నుంచి టైపు చేయకుండా, పై బాణం మీట నొక్కి, ఎల్‌ఎస్ ఉన్న చోట మాత్రం ఆర్‌ఎం అని మార్చమను. మళ్లీ టైపు చేస్తే ఆ ఖాళీ మళ్లీ దూరవచ్చు.

తీసేసే ముందు అడిగేలా ఆర్‌ఎంకు హైఫన్ చిన్న ఐ (-i) తగిలించి ఏలియాస్ (కమాండ్‌కు మనం పెట్టుకునే మారుపేరు) పెట్టుకోమని చాలామంది చెబుతారు కానీ, నాకది నచ్చదు. ఫైలు ఫైలుకూ అడుగుతుంటే చదవకుండానే వేలు ‘అవును’ అనే వై మీదికి పోతుంది. పైగా ఆ ఏలియాస్ లేని సర్వర్‌లోకి వెళ్లిన రోజున, ఎలాగూ అడుగుతుందిలే అన్న ధీమాయే కొంప ముంచుతుంది. లైనక్స్‌లో పెద్ద ఐ (-I) నయం: ఫైళ్లు మూడు దాటితే, లేదా ఫోల్డర్‌ను లోపలి వాటితో సహా తీసేయమంటే, ఒక్కసారి అడుగుతుంది. అంతకంటే మేలైనది ట్రాష్-సీఎల్ఐ అనే ప్రోగ్రామ్. ట్రాష్-పుట్‌తో తీసేసిన ఫైలు చెత్తబుట్టలోకి వెళ్తుంది, ట్రాష్-రిస్టోర్‌తో వెనక్కి వస్తుంది.

స్క్రిప్టులు, అంటే కమాండ్లను వరుసగా ఒక ఫైలులో, రాసేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. ఫోల్డర్ పేరు ఉండాల్సిన వేరియబుల్ ఖాళీగా ఉంటే, దాని వెనుక రాసిన స్లాష్ స్టార్ ఏకంగా రూట్‌లోని, అంటే అన్నిటికంటే పై ఫోల్డర్‌లోని, ఫోల్డర్లన్నిటికీ వర్తిస్తుంది. వేరియబుల్ పేరు తర్వాత, మీసాల బ్రాకెట్ లోపలే, కోలన్, ప్రశ్నార్థకం చేరిస్తే, అది ఖాళీగా ఉన్నప్పుడు షెల్ అక్కడే ఆగిపోతుంది.

ఆర్‌ఎం తీసేసేది ముందుగా ఫైలు పేరును. లోపలి సమాచారం మీద మరొకటి రాసేదాకా అది డిస్కులో మిగిలి ఉండే అవకాశం ఉంది, ఎస్‌ఎస్‌డీ అయితే ఆ ఆశ తక్కువ. కాబట్టి చెల్లాయిని ఆ ల్యాప్‌టాప్ ముట్టుకోవద్దను. ఆదివారం పొద్దున్నే మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్ వస్తాను.

ఇట్లు,
నీ మిత్రుడు